గ్రానైట్ షెడ్డులో దుమ్ముకి ఏది పెట్టాలి: మాస్కా, ఫ్యానా, నీళ్లా, వ్యాక్యూమా?

చీమకుర్తి, ఒంగోలు చుట్టుపక్కల చిన్న గ్రానైట్ యూనిట్లు నడిపేవాళ్లు, కొత్తగా పెట్టబోయేవాళ్లు నన్ను తరచుగా అడిగేది ఒకటే: "అన్నా, దుమ్ముకి ఏం పెట్టమంటావు? మాస్కులు ఇస్తే చాలదా?" ఫోన్లో రెండు ముక్కల్లో చెబితే సగమే అర్థమవుతోంది, మిగతా సగం సామాన్లు అమ్మేవాళ్లు వాళ్లకి కావలసినట్టు చెప్పేస్తున్నారు. అందుకే కూర్చుని వివరంగా రాస్తున్నాను. నేను పద్దెనిమిదేళ్లు ఈ షెడ్లలోనే ఉన్నాను. మొదట హెల్పర్‌గా, తర్వాత సూపర్‌వైజర్‌గా, ఇప్పుడు ఒక చిన్న యూనిట్‌లో భాగస్వామిగా. కాబట్టి డబ్బు పెట్టేవాడి బాధ తెలుసు, గ్రైండర్ పట్టుకున్నవాడి బాధా తెలుసు.

ముందు ఒక పని చేయండి. సాయంత్రం ఐదు, ఐదున్నరకి మీ షెడ్డులోకి వెళ్లి ఊరికే నిలబడండి. పైన రేకు చిల్లులోంచి ఎండ ఏటవాలుగా పడుతుంటుంది కదా, ఆ వెలుగులో తెల్లగా స్తంభంలా నిలబడి మెల్లగా తిరుగుతూ ఉండేదే మీ దుమ్ము. వెలుగు పడని చోట కూడా అంతే ఉంటుంది, కనబడదంతే. రేకుకి చిల్లు లేకపోతే చీకటి పడ్డాక లైట్లు తీసేసి, గ్రైండర్ నడుస్తుండగా వెనక వైపు నుంచి గట్టి టార్చి వేసి, ఆ టార్చికి ఎదురుగా చూడండి. కళ్లలో నేరుగా పడకుండా అట్టముక్క అడ్డం పెట్టుకోండి. దుమ్ము ఎక్కడ పుడుతోందో, ఎవరి ముఖం మీదికి పోతోందో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఈ టార్చి పరీక్ష కొత్తదేమీ కాదు, బయటి దేశాల్లో ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్లు కూడా చేస్తారు. ఏ సామాను కొనాలన్నా కొనే ముందు ఒకసారి, కొన్నాక ఒకసారి ఇది చేయండి.

నేల మీద పడిన దుమ్ము, బల్ల మీద పేరుకున్న దుమ్ము కదిలించనంతసేపు అసలు శత్రువు కాదు. అందులో చాలావరకు బరువుంది కాబట్టే పడిపోయింది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లి కూర్చునే దుమ్ము 10 మైక్రాన్ల లోపు ఉంటుంది, అందులోనూ 4 మైక్రాన్ల లోపుది మరీ ప్రమాదం. అది మిషన్ ఆపేశాక కూడా గంటల తరబడి గాలిలోనే తేలుతుంది. ఆ దుమ్ములో పలుగురాయి ఉంటే, అంటే సిలికా ఉంటే, అది ఊపిరితిత్తుల్లో పుండులా మొదలై మచ్చలు కట్టి గట్టిపడుతుంది. అదే సిలికోసిస్. దానికి మందు లేదు. పని మానేశాక కూడా ముదురుతుంది. క్షయ వచ్చే అవకాశాన్ని చాలా రెట్లు పెంచుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే దీన్ని క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో పెట్టింది.

ఎంత దుమ్ము పీలిస్తే ప్రమాదం? అమెరికా 2016లో పెట్టుకున్న హద్దు, ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరు గాలికి 50 మైక్రోగ్రాముల సిలికా. షిఫ్టు మొత్తంలో పనిచేసే మనిషి పీల్చే గాలిని దాదాపు పది ఘనపు మీటర్లు అనుకుంటే, రోజుకి అర మిల్లీగ్రాము. చిటికెడు ఉప్పులో వందో వంతు కూడా కాదు. ఈ లెక్క మొదటిసారి వేసుకున్న రోజు నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే మా దగ్గర ఎడ్జ్ పాలిష్ చేసే కుర్రాళ్ల కనురెప్పల వెంట్రుకలే తెల్లగా ఉండేవి.

మాతో పాటు చేసిన ఒకాయన సంగతి చెప్పాలి. చేతి గ్రైండర్‌తో మోల్డింగ్ పట్టడంలో ఆయన చేతివాటం అంటే చుట్టుపక్కల అందరికీ తెలుసు. దగ్గు మొదలైంది, క్షయ అన్నారు, ఆరు నెలలు మందులు వాడాడు, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది, మళ్లీ వాడాడు. చివరికి ఒక డాక్టర్ గారు "ఏం పని చేస్తావు?" అని అడిగారు. అప్పటిదాకా ఆ మాట అడిగినవాళ్లు లేరు. నేను చూడ్డానికి వెళ్లినప్పుడు మంచం మీద కూర్చుని చెప్పు తొడుక్కోవడానికి వంగి, మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని మళ్లీ వంగాడు. నలభై రెండేళ్లు అప్పటికి. ఆయనకి మేం మాస్కులు ఇచ్చాం. ఇవ్వలేదని కాదు.

మాస్కు: ముందు కొనేది, చివర నమ్మాల్సింది

చవక కాబట్టి అందరి చూపూ దీని మీదే పడుతుంది. కానీ మాస్కుల్లోనూ తేడా ఉంది. తుండుగుడ్డ, సర్జికల్ మాస్కు ఈ సన్నటి దుమ్ముకి పనికిరావు, వాటి మీద నమ్మకం పెట్టుకోవద్దు. కనీసం ఎన్95, లేదా మన ఐఎస్ 9473 ప్రమాణం ముద్ర ఉన్న ఎఫ్ఎఫ్‌పీ2 రకం కావాలి. రోజంతా గ్రైండర్ దగ్గరే ఉండేవాళ్లకి రబ్బరుతో చేసిన సగం ముఖం మాస్కు, మార్చుకునే ఫిల్టర్లతో వచ్చేది, మొదట ఖరీదనిపించినా అదే మేలు. ముఖానికి సరిగ్గా అతుక్కుంటుంది, కడుక్కోవచ్చు, ఏడాది లెక్క వేసుకుంటే రోజూ పారేసే మాస్కుల కంటే పెద్ద తేడా రాదు.

ఇక గడ్డం సంగతి. నాలుగు రోజుల గడ్డం ఉన్నా మాస్కు అంచు చర్మానికి అతుక్కోదు, సందులోంచి గాలి పోతుంది. దుమ్ముకి అదే దారి. ఈ మాట చెబితే కుర్రాళ్లు కొట్టిపారేస్తారు. కానీ మాస్కు తీశాక ముక్కు పక్కన తెల్లటి చార ఉందేమో వాళ్లకే అద్దంలో చూపించండి. ఆ చార ఉంటే మాస్కు పెట్టుకున్నా పెట్టుకోనట్టే.

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర రేకుల షెడ్డులో ఎనిమిది గంటలు మాస్కు పెట్టుకుని పని చేయమంటే ఎవరి వల్లా కాదు. చెమటకి తడిసిపోతుంది, ఊపిరి ఆడదు, గడ్డం కిందికి లాగేస్తారు. అది కార్మికుడి తప్పని తిట్టే యజమానుల్ని చూశాను, వాళ్లని ఒక్క గంట పెట్టుకుని నిలబడమనాలనిపిస్తుంది. అందుకే నా లెక్క ఇదీ: గాలిలో దుమ్ము ఎలాగైనా తగ్గించేయండి, తగ్గించాక మిగిలిన కాస్తకి మాస్కు. ఒక్క మాస్కు మీదే షెడ్డు నడిపితే ఆ భారమంతా కూలివాడి మూతి మీద పెట్టినట్టే.

గోడ ఫ్యాన్లు: నేను కొనవద్దనే చెబుతాను

గోడకి రెండు పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్లు బిగిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, మేమూ అనుకున్నాం. గ్రైండర్ ఈ మూలన, ఫ్యాను ఆ మూలన. మధ్యలో ఇరవై మంది. దుమ్ము ఫ్యాను దాకా పోవాలంటే ఆ ఇరవై మంది ముక్కుల ముందు నుంచే పోవాలి. టార్చి వేసి చూస్తే తెల్లటి తెర మెల్లగా కదులుతూ మనుషుల మీదుగా ఫ్యాను వైపు పోతోంది, అది చూశాక విప్పించేశాం. పైగా బయటికి నెట్టిన దుమ్ము ఎక్కడికి పోతుంది? మాకు వెనక వైపు మిరప చేను ఉండేది. ఆకుల మీద పొడి పేరుకుందని రైతు వచ్చి మాట్లాడితే మా దగ్గర జవాబు లేదు.

వేడి తగ్గడానికి, తాజా గాలికి ఫ్యాన్లు కావాలి, అది వేరే సంగతి. దుమ్ము కోసమని మాత్రం ఆ డబ్బు పెట్టకండి. నిలబడి పనిచేసే మనిషి వెనక పెడెస్టల్ ఫ్యాను పెట్టినా జాగ్రత్త, గాలి కొట్టే దిశని బట్టి దుమ్ము తిరిగి అతని ముఖం మీదికే సుడి తిరుగుతుంది.

నీళ్లు: మొదటి ఓటు దీనికే

పెద్ద కట్టర్లు, లైన్ పాలిషర్లు ఎలాగూ నీళ్లతోనే నడుస్తాయి, లేకపోతే బ్లేడు మాడిపోతుంది. మన సమస్యంతా చేతి పనిలో ఉంది: ఎడ్జ్ పాలిష్, మోల్డింగ్, సింకు బొక్క కోయడం, చిన్న చిన్న సవరణలు. నాలుగంగుళాల గ్రైండర్ తీసుకుని పొడిగా లాగించేసేది అక్కడే. షెడ్డులో తొంభై శాతం మిషన్లు తడిగా నడిచినా ఒక్క మూలన ఒక్క గ్రైండర్ పొడిగా నడిస్తే మొత్తం షెడ్డుకి దుమ్ము పంచుతుంది.

బ్లేడు రాయిని తాకే చోటనే నీళ్లు పడితే దుమ్ము పుట్టినచోటే బురదై పోతుంది, గాలిలోకి ఎగరదు. ఎగిరాక పట్టుకోవడం ఎంత ఖర్చో, ఎగరకుండా ఆపడం అంత చవక. కానీ నీళ్లు ఎక్కడ పడుతున్నాయన్నది చూడాలి. బాటిల్‌కి చిల్లు పెట్టి రాయి మీద అక్కడక్కడా పోయడం, ముందే రాయిని తడిపి తర్వాత గ్రైండర్ పెట్టడం, ఇవి కంటితుడుపు. పది సెకన్లలో రాయి ఆరిపోతుంది. మిషన్ లోపలి నుంచే నీళ్లు వచ్చి డిస్కు మధ్యలోంచి పడే రకం ఉండాలి.

ఇక్కడ రెండు రకాల మిషన్లు దొరుకుతాయి, ఏది తీసుకోవాలన్నది చాలామందికి వచ్చే సందేహం. ఒకటి కరెంటుతో నడిచే వెట్ పాలిషర్, రెండోది కంప్రెసర్ గాలితో నడిచేది. కరెంటుది మొదట చవక, ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు. కానీ తడి చేతులు, తడి నేల, 230 వోల్టులు, అతుకులు వేసిన వైరు. ఇవన్నీ ఒకచోట చేరితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. దుమ్ము నుంచి కాపాడబోయి షాక్ కొట్టించకూడదు. కరెంటుదే వాడాల్సి వస్తే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి, లేకుండా ఒక్క రోజు కూడా వాడకండి, నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి పడిపోతోందో లేదో చూడండి. గాలితో నడిచేదానికి ఈ భయం లేదు, మిషన్ కూడా చేతికి తేలిక. కానీ కంప్రెసర్ పెద్దది కావాలి, దాని కరెంటు బిల్లు ఎక్కువ, శబ్దమూ ఎక్కువ కాబట్టి దాన్ని గోడ బయట గదిలో పెట్టించి చెవులకి ప్లగ్గులు ఇవ్వాలి. నా సలహా, ముగ్గురు నలుగురు రోజంతా చేతి పాలిష్ మీదే ఉండే యూనిట్ అయితే గాలిది తీసుకోండి. ఒక్కరే, అదీ అప్పుడప్పుడూ అయితే ఆర్‌సీసీబీ పెట్టుకుని కరెంటుది చాలు.

కంప్రెసర్ ఉన్నచోట ఇంకో చెడ్డ అలవాటు కూడా వస్తుంది, ఒక్కసారి గట్టిగా చెప్పాలి. షిఫ్టు అయ్యాక ఎయిర్ పైపు తీసుకుని ఒంటి మీద, బట్టల మీద, బల్లల మీద కొట్టుకుంటారు. రోజంతా నీళ్లతో ఆపిన దుమ్మంతా ఆ ఐదు నిమిషాల్లో లేచిపోతుంది, సరిగ్గా మాస్కు తీసేసిన సమయంలో. చీపురుతో పొడిగా ఊడవడమూ అంతే. నీళ్లు కొట్టి కడగండి, లేదా హెపా ఫిల్టర్ (మరీ సన్నటి దుమ్మునీ ఆపేది) ఉన్న వ్యాక్యూమ్ వాడండి. బట్టలు అక్కడే మార్చుకుని స్నానం చేసి వెళ్లే ఏర్పాటు ఉండాలి, ఆ చొక్కాతోనే ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకుంటారు కదా.

వ్యాక్యూమ్: నీళ్లు కుదరని చోట

గ్రైండర్‌కి డిస్కు చుట్టూ గొడుగులాంటి మూత బిగించి, దానికి పైపు పెట్టి వ్యాక్యూమ్‌తో లాగే పద్ధతి ఇది. ఇళ్లలో కిచెన్ ప్లాట్‌ఫామ్ బిగించేటప్పుడు, రంగు వేసిన గోడ పక్కన, ఫర్నిచర్ ఉన్నచోట నీళ్లు పోయనివ్వరు. అక్కడ ఇదే దిక్కు. ఇది బాగా పనిచేస్తుంది, కానీ సైజు సరిపోవాలి. అమెరికా నిబంధనల్లో ఉన్న లెక్క గుర్తుపెట్టుకోవడం సులువు: డిస్కు వ్యాసం ప్రతి అంగుళానికి నిమిషానికి 25 ఘనపు అడుగుల గాలి లాగాలి. అంటే నాలుగంగుళాల డిస్కుకి 100, ఐదంగుళాలకి 125. ఫిల్టర్ కనీసం 99 శాతం ఆపాలి, ముందు ఒక సైక్లోన్ (గాలిని సుడి తిప్పి బరువైన దుమ్మును ముందే కింద పడేసేది) గానీ, ఫిల్టర్‌ని దులిపే ఏర్పాటు గానీ ఉండాలి. ఇంట్లో సోఫాలు తుడిచే వ్యాక్యూమ్ తగిలిస్తే అరగంటలో ఫిల్టర్ మూసుకుపోయి లాగడం మానేస్తుంది, దాని వెనక నుంచి సన్నటి దుమ్ము బయటికొస్తుంది కూడా. మనిషికి మాత్రం వ్యాక్యూమ్ నడుస్తోంది కాబట్టి ఏమీ కాదనే ధైర్యం. అది మరీ ప్రమాదం.

వ్యాక్యూమ్ ఉన్నా లోపలి గదుల్లో గంటల తరబడి గ్రైండింగ్ చేస్తే మాస్కు తప్పదు. సంచీ ఖాళీ చేసేటప్పుడు అయితే తప్పనిసరిగా ఉండాలి.

నీళ్లకీ వ్యాక్యూమ్‌కీ మధ్య ఇంకో దారి కూడా ఉంది, నీటి తెర ఉన్న గోడ. పాలిష్ చేసేవాళ్ల ఎదురుగా గోడ మీదుగా నీళ్లు జారుతూ ఉంటాయి, వెనక ఫ్యాను గాలిని ఆ నీళ్లలోంచి లాగుతుంది. దుమ్ము మనిషి నుంచి దూరంగా, నేరుగా ఎదురు గోడకే పోతుంది కాబట్టి ఇందాక చెప్పిన గోడ ఫ్యాన్లకీ దీనికీ పోలిక లేదు. స్థలం ఉండి, పొడి పని తప్పనివాళ్లకి ఇది మంచిదే. ఆ గోడకీ పాలిష్ చేసే మనిషికీ మధ్యలో ఇంకో మనిషి నిలబడకుండా చూసుకోవాలి.

ఆ బురద ఎటు పోతుంది?

నీళ్లు పెట్టేశాం, దుమ్ము పోయింది అనుకుని చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. స్లర్రీ అంటే ఏమిటి, తడిసిన దుమ్మే కదా. ట్రాక్టర్‌కి ఎత్తి రాత్రిపూట రోడ్డు పక్కన, వాగులో, పాత క్వారీ గుంతలో పోసేస్తే, ఎండాకాలం వచ్చేసరికి ఆరి పౌడర్‌లా అయిపోతుంది. లారీ పోయినప్పుడల్లా లేస్తుంది, సుడిగాలికి ఊరి మీద పడుతుంది. మన కార్మికుడి ఊపిరితిత్తుల నుంచి తప్పించిన దుమ్మునే అతని పిల్లలు చదివే బడి మీదికి పంపినట్టు. చేలో పడితే మట్టి రంధ్రాలు పూడిపోయి నీళ్లు ఇంకవు. అందుకే కార్మికుల ఆరోగ్యం వేరు, పర్యావరణం వేరు అని రెండు ఫైళ్లు పెట్టుకోవడం నాకు నచ్చదు, ఇక్కడ రెండూ ఒకే బురద.

దీనికి మన ముందున్న దారులు రెండు. మొదటిది మూడు గదుల తొట్టి. మొదటి దాంట్లో బరువైనది దిగుతుంది, రెండో దాంట్లో సన్నది, మూడో దాంట్లోంచి తేరిన నీళ్లు మళ్లీ మిషన్లకి. కట్టడం చవక, చెడిపోవడానికి ఏమీ లేదు. కానీ చాలా స్థలం కావాలి, సన్నటి రేణువులు దిగడానికి చాలా సేపు పడుతుంది, వారానికోసారైనా ఎత్తించాలి, ఎత్తిన బురద జారిపోతుంటుంది కాబట్టి లారీలో రోడ్డంతా కారుతుంది, వానాకాలం తొట్టి పొంగితే అంతే సంగతులు. రెండోది పొడవాటి గరాటు ట్యాంకు, దానికి ఫిల్టర్ ప్రెస్. నీళ్లలో పాలీఎలక్ట్రోలైట్ మందు కొద్దిగా కలిపితే రేణువులు ముద్దలు కట్టి వెంటనే కిందికి దిగుతాయి, పైన తేటనీళ్లు మళ్లీ వాడకానికి పోతాయి, కింది చిక్కటి బురదని ప్రెస్ గుడ్డల మధ్య పిండితే గట్టి బిళ్లలు పడతాయి. చేత్తో ఎత్తి పేర్చుకోవచ్చు. ఖర్చు లక్షల్లో, పైగా నడపడానికి తెలిసిన మనిషి ఒకడు ఉండాలి, గుడ్డలు కడుగుతుండాలి.

నీళ్లు కొనుక్కునే ప్రాంతంలో ఉంటే, రెండు మూడు కట్టర్లు రోజంతా నడుస్తుంటే ఫిల్టర్ ప్రెస్‌కే వెళ్లండి. ప్రకాశం జిల్లాలో ఎండాకాలం ట్యాంకర్ల ఖర్చు తెలిసినవాళ్లకి ఈ లెక్క నేను వేసి చూపించక్కర్లేదు. ఒక్క కట్టరు, నాలుగు చేతి పాలిషర్లు ఉన్నవాళ్లకి మూడు గదుల తొట్టి సరిపోతుంది, కాకపోతే చుట్టూ గట్టు ఎత్తుగా కట్టి, పైన రేకు వేసి వాన పడకుండా చూసుకోవాలి.

తేటనీళ్లకీ ఊపిరితిత్తులకీ సంబంధం ఏమిటని అడగొచ్చు, ఉంది. సరిగ్గా తేరని మురికి నీళ్లనే తిప్పి తిప్పి చేతి పాలిషర్‌కి ఇస్తే, డిస్కు తిరిగే వేగానికి ఆ నీళ్లు తుంపరగా లేస్తాయి, ఆ తుంపరలో పాత దుమ్మంతా ఉంటుంది. తుంపర ఆరిపోతే మిగిలేది మళ్లీ దుమ్మే. కాబట్టి పెద్ద కట్టర్లకి తిప్పిన నీళ్లు ఇచ్చినా పర్వాలేదు, ముఖానికి దగ్గరగా చేసే చేతి పనికి మాత్రం మంచి నీళ్ల లైను వేరుగా వేయండి. చేతి పాలిషర్లకి పట్టే నీళ్లు కొంచెమే.

బిళ్లలు అయినా బురద అయినా ఎక్కడ వేయాలో కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే సీఎఫ్ఓ (యూనిట్ నడుపుకునే అనుమతి) పత్రంలో షరతులుంటాయి, చదవండి. ఇటుకల బట్టీలు, సిమెంటు బిళ్లలు చేసేవాళ్లు కొందరు తీసుకుంటారు. ఇనుప రవ్వ, సున్నం కలిపి కోసే పాతరకం గ్యాంగ్ సా స్లర్రీ అయితే తుప్పు మరకలు వస్తాయని వెనకాడతారు. డైమండ్ బ్లేడు, డైమండ్ వైరు స్లర్రీకి ఆ గొడవ లేదు.

ఏ రాయి కోస్తున్నారు?

ఇది చాలామంది పట్టించుకోని సంగతి. మనం అన్నిటినీ గ్రానైట్ అనే అంటాం గానీ, చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ భూగర్భ శాస్త్రం ప్రకారం గ్రానైటే కాదు, గాబ్రో జాతి. దానిలో బంగారు చుక్కల్లా మెరిసేవి బ్రాంజైట్ అనే ఖనిజం పలుకులు. పలుగురాయి చాలా తక్కువ. అసలైన గ్రానైట్‌కి వచ్చేసరికి, లేత రంగు ఖనిజాల్లో ఐదో వంతుకి తక్కువ కాకుండా పలుగు ఉంటేనే దాన్ని గ్రానైట్ అంటారు. కడప, తాండూరు రాళ్లు సున్నపురాయి జాతి, వీటితో పోలిస్తే మామూలుగా తక్కువ. అన్నిటికంటే భయపడాల్సింది ఇప్పుడు కిచెన్లలో ఫ్యాషనైన క్వార్ట్జ్ పలకలు. పలుగుపొడిని రెజిన్‌తో అతికించి చేస్తారు, మామూలు రకాల్లో సిలికా 90 శాతం దాకా, ఇంకా పైన కూడా ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఇవి కోసే కుర్రాళ్లకి చిన్న వయసులోనే సిలికోసిస్ వచ్చి, చివరికి 2024 జులై 1 నుంచి ఆ దేశం ఈ పలకల తయారీ, అమ్మకం, బిగింపు అన్నీ నిషేధించింది.

2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం షెడ్యూలులో ఒక లెక్క ఉండేది: 10ని, దుమ్ములోని పలుగు శాతానికి 2 కలిపి వచ్చిన అంకెతో భాగిస్తే, లోపలికి పీల్చుకుపోయే దుమ్ము ఘనపు మీటరుకి ఎన్ని మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చో వస్తుంది. 30 శాతం ఉన్న రాయికి 0.31. 90 శాతం ఉన్న పలకకి 0.11. అంటే గ్రానైట్‌కి సరిపోయిన ఏర్పాటు క్వార్ట్జ్‌కి సరిపోదు, మూడో వంతుకి తగ్గించాలి. క్వార్ట్జ్ ఆర్డర్లు పట్టుకునేవాళ్లు అది పొడిగా ఒక్క కోత కూడా కోయకండి. తడి ఏర్పాటు లేకపోతే ఆర్డరే వదులుకోండి. బ్లాక్ గెలాక్సీ మాత్రమే కోసేవాళ్లు కూడా మాకేం కాదని కూర్చోవద్దు, అదే షెడ్డులో రేపు వేరే రాయి వస్తుంది, సన్నటి దుమ్ము ఏదైనా రోజూ పీలిస్తే ఊపిరితిత్తులకి మంచిది కాదు.

పరీక్షలు, పత్రాలు

చేరిన రోజే ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి ఊది చూసే స్పైరోమెట్రీ చేయించండి, తర్వాత ఏటా. శిబిరం పెట్టి బీపీ, షుగర్ చూసి ఫొటో తీసుకోవడం దీనికి బదులు కాదు. ఎక్స్‌రేని అంతర్జాతీయ కార్మిక సంస్థ వర్గీకరణ ప్రకారం చదవడం తెలిసిన డాక్టర్‌కి చూపించాలి, లేకపోతే క్షయ అని రాసేసే ప్రమాదం ఉంది. ఫిల్ము గానీ సీడీ గానీ ఒక కాపీ కార్మికుడికే ఇచ్చేయండి, యూనిట్ మారినప్పుడు అతనితో పాటు పోవాలి. ఈఎస్‌ఐ కట్టడానికి వెనకాడేవాళ్లకి ఒక మాట: యజమాని వాటా జీతంలో 3.25 శాతం, కార్మికుడిది 0.75 శాతం, జబ్బు పని వల్ల వచ్చిందని తేలితే వైద్యం, పరిహారం అక్కడి నుంచే వస్తాయి. కట్టకపోతే అదంతా మీ నెత్తినే పడుతుంది.

ఐఎస్ఓ 14001 (పర్యావరణానికి), ఐఎస్ఓ 45001 (కార్మికుల భద్రతకి) సర్టిఫికెట్లు తీసుకోవాలా అని అడుగుతుంటారు. యూరప్ కొనుగోలుదారులు అడిగితే తీసుకోండి, లెక్కలు రాసే అలవాటు వస్తుంది. కానీ చేతిలో ఉన్న డబ్బు ఒకదానికే సరిపోయేట్టయితే ముందు వెట్ పాలిషర్లు కొనండి. రేకు మీద సోలార్ ప్యానెళ్లు కూడా మంచివే, కాకపోతే దుమ్ము ఆపకముందు పెట్టిస్తే వాటి మీదా ఆ పొరే పేరుకుంటుంది.

ఇప్పుడు మీది ఏ రకం యూనిటో చూసుకోండి. ఊళ్లో అద్దె షాపు, నలుగురైదుగురు మనుషులు, ఇళ్లకి వెళ్లి బిగించే పని అయితే, సింకు బొక్కలూ అంచులూ అన్నీ కొలత తీసుకొచ్చి షాపులోనే తడిగా పూర్తి చేయండి, ఇంట్లో చేసే కోత ఎంత తగ్గిస్తే అంత మంచిది, మిగిలినదానికి మూత ఉన్న గ్రైండర్, వ్యాక్యూమ్, ఎఫ్ఎఫ్‌పీ2 మాస్కు. ఇరవై ముప్పై మంది ఉన్న షెడ్డయితే గాలితో నడిచే వెట్ పాలిషర్లు, మంచినీళ్ల లైను, రబ్బరు మాస్కులు ముందు పెట్టి, తర్వాత ఏడాది ఫిల్టర్ ప్రెస్ సంగతి చూడండి. కొత్తగా కట్టేవాళ్లు అదృష్టవంతులు, నేల వాలు కాలువ వైపు ఉండేలా, చేతి పాలిష్ మూల గాలి వాటం చివరన ఉండేలా, స్నానాల గది గేటు పక్కనే ఉండేలా మొదటే గీయించుకోవచ్చు. తర్వాత మార్చాలంటే కాంక్రీటు పగలగొట్టాలి.

సామాను అమ్మే మనిషి వచ్చినప్పుడు బ్రోచర్ పక్కన పెట్టి, "మీ మిషన్ మా షెడ్డులో, మా రాయి మీద, మా కుర్రాడి చేతిలో ఒక గంట నడపండి, నేను టార్చి వేసి చూస్తాను" అనండి. మా దగ్గర ఇద్దరు ఒప్పుకోలేదు, మూడో ఆయన ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం లైట్లు తీసేసి టార్చి వేశాం. నీళ్ల తుంపర తప్ప తెల్లటి పొగ లేవలేదు, కుర్రాడు మాస్కు తీసి అద్దం చూసుకుని "చార లేదన్నా" అన్నాడు. మర్నాడే నాలుగు మిషన్లకి అడ్వాన్సు ఇచ్చాం.